మీటరు తిరగని ఇల్లు

మా ఆయన్ని ఊళ్ళో అందరూ తాళాలాయన అంటారు. పేరు పెట్టి పిలిచేవాళ్ళు మా అత్తగారితోనే పోయారు. నడుముకి ఎప్పుడూ పెద్ద తాళాల గుత్తి వేలాడుతూ ఉండేది. ఆ గలగల వింటే సరస్సు వీధి కుక్కలు తలెత్తి చూసి, ఈయనేలే అనుకుని మళ్ళీ పడుకునేవి. మా తమ్ముడికి అదో వేళాకోళం. బావ అక్కకి తెలియకుండా ఎక్కడికీ పోలేడు, గంట కట్టిన ఎద్దు అనేవాడు.

మాది సరస్సు ఒడ్డున చిన్న ఊరు. ఎండాకాలం వస్తే నిండిపోతుంది. పడవలు, ఐస్‌క్రీం బళ్ళు, కార్లు పెట్టుకోవడానికి చోటు లేక దెబ్బలాటలు. ఆ తరవాత ఒక్కసారిగా చప్పుడు పోతుంది. ఒడ్డు వెంట ఉన్న మంచి మంచి ఇళ్ళన్నీ పట్నాల వాళ్ళవే. వాళ్ళకి అక్కడో ఇల్లు, ఇక్కడో ఇల్లు. ఇక్కడిది ఏడాదిలో కొన్ని వారాలు తెరుచుకుంటుంది. మిగతా కాలమంతా దాని బాగోగులు చూసేది మా ఆయన. ఆ ఇళ్ళవాళ్ళ పేర్లు మాకు నోరు తిరిగేవి కావు. నీలంగేటు, గాజుమేడ, రెండు పొగగొట్టాలు అని ఇళ్ళకే పేర్లు పెట్టుకున్నాం. మనుషుల్నీ వాటితోనే పిలుచుకునేవాళ్ళం. గాజుమేడ ఫోన్ చేసిందంటే ఆ ఇంటావిడ చేసిందని అర్థం.

మూసిన ఇల్లు చూడడమంటే తాళం ఉందో ఊడిందో చూసి రావడమే అనుకుంటారు చాలామంది. ఆయన పని అలా ఉండేది కాదు. వారానికి రెండుసార్లు ప్రతి ఇల్లూ తెరిచేవారు. కిటికీలు తీసి గాలి ఆడనిచ్చేవారు. ఆ తరవాత వంటింట్లో, స్నానాల గదుల్లో, పెరట్లో ఉన్న కుళాయిలన్నీ ఒక్కొక్కటే తిప్పి నీళ్ళు వదిలేవారు. వాడకపోతే సింకు కింద వంపు గొట్టంలో నీళ్ళు ఎండిపోతాయి. అప్పుడు మురుగు వాసనా పురుగులూ ఆ దారినే పైకొస్తాయి. గొట్టాలు తుప్పు పడతాయి. అందుకని ఎర్ర రంగు పోయి తేటగా వచ్చేదాకా వదిలేవారు. తోటల సంగతి చెప్పనే అక్కర్లేదు. అదంతా అయ్యాక ప్రతి ఇంట్లోనూ కాసేపు కూచునేవారు. సోఫాలో కాదు, మెట్ల మీద. మనిషి ఊపిరి తగలకపోతే ఇల్లు చెడిపోతుందని ఆయన నమ్మకం. ఒకరి కుర్చీలో కూచోవడం, ఒకరి గ్లాసులో తాగడం ఆయన ఎరగరు. అన్ని కుళాయిలు తిప్పే మనిషి తాగడానికి మా ఇంటి నుంచి సీసాలో నీళ్ళు పట్టుకెళ్ళేవారు.

మేము ఉండేది పైవీధిలో, రెండు గదుల ఇంట్లో. మాకు ఒక్కతే కూతురు. హోటల్లో వచ్చినవాళ్ళకి గది తాళాలిచ్చే బల్ల దగ్గర పనిచేసేది. పడవల ఇంజన్లు బాగుచేసే అబ్బాయిని చేసుకుంది. పెళ్ళయ్యాక గది కోసం ఇద్దరూ ఊరంతా తిరిగారు. ఇదివరకు అద్దెకిచ్చేవాళ్ళు కొందరు సీజనులో రోజు లెక్కన ఇచ్చుకోవడం మొదలుపెట్టారు. కొందరు పట్నం వాళ్ళకి అమ్ముకున్నారు. ఆఖరికి లాండ్రీ వెనక ఒక గది దొరికింది. గోడకి అవతలే బట్టలుతికే యంత్రాలు. గోడలన్నీ చెమ్మ. మంచం గోడకి తగలకుండా గది మధ్యకి జరుపుకుని పడుకునేవాళ్ళు. మడత పెట్టిన బట్టలకి బూజు పట్టేది. మా దగ్గరికి వచ్చెయ్యమంటే, రెండు గదుల్లో నలుగురమా, నీ గురక ఎవరు భరిస్తారమ్మా అని నవ్వేది.

అప్పుడు ఆయన బేకరీ వీధి చివర, ఎప్పుడో కొని వదిలేసిన చిన్న స్థలంలో ఇల్లు మొదలుపెట్టారు. గోడలు తనే లేపారు. మేస్త్రీని పెట్టింది పైకప్పుకి ఒక్కదానికే. నేల మీద పరిచే పలకలు అమ్మాయి ఎంచుకుంది. ఎంచుకోవడానికి మా తమ్ముడి కొట్లో ఒక పూటంతా కూచుని, వాడి చేత అన్ని పెట్టెలూ విప్పించి, మొదట చూసినవే తీసుకుంది. ఇల్లు పూర్తవుతూ ఉండగా దానికి దగ్గు పట్టుకుంది. చలికాలపు దగ్గే కదా అనుకున్నాం. తరవాత ఊపిరితిత్తుల్లోకి దిగిందన్నారు. పెద్దాసుపత్రికి తీసుకెళ్ళాం. తీసుకొచ్చాం. ఆ పైన చెప్పడానికేం లేదు.

అల్లుడు కొన్నాళ్ళుండి వేరే ఊరు వెళ్ళిపోయాడు. వెళ్ళేముందు వచ్చి మా గుమ్మంలో చాలాసేపు నిలబడ్డాడు. వెళ్ళిరా నాయనా అన్నాను. చిన్నవాడు, బతకాలి కదా.

కొత్త ఇంటికి ఆయన తాళం వేశారు. అందరి ఇళ్ళూ వారానికి రెండుసార్లు తెరిచే మనిషి ఆ ఒక్క తాళం మళ్ళీ తియ్యలేదు. దాని తాళంచెవి గుత్తిలో కలపలేదు. నా సూదీదారం డబ్బాలో వేశారు. బేకరీ వీధి మీదుగా పోవాల్సి వస్తే వెనక సందులోంచి చుట్టూ తిరిగి పోయేవారు. నేను కూడా అటు వెళ్ళడం మానేశాను. రొట్టె కావాలంటే పక్కింటావిడ చేత తెప్పించుకునేదాన్ని. పొద్దున్న లేచేదాన్ని, వండేదాన్ని, గిన్నెలు కడిగి బోర్లించేదాన్ని. ఆయన గుత్తి తీసుకుని వెళ్ళేవారు, వచ్చేవారు. మేమిద్దరం పోట్లాడుకోలేదు, ఏడుస్తూ కూచోలేదు. మాట్లాడుకునే మాటలు తగ్గాయి, అంతే.

అలా ఉండగా ఊళ్ళో పన్ను గొడవ లేచింది. సొంతదారులు కాపురం ఉండకుండా మూసి ఉంచిన ఇళ్ళ మీద మామూలు ఇంటిపన్ను కాక ఇంకో పెద్ద పన్ను వెయ్యాలని, ఆ సొమ్ముతో ఊళ్ళో పనిచేసేవాళ్ళకి గదులు కట్టాలని మునిసిపాలిటీ వాళ్ళు అన్నారు. దాంతో ఊరు రెండు ముక్కలైంది. హోటలు వంటవాళ్ళు, ఆసుపత్రి నర్సులు, బడి పంతుళ్ళు పన్ను వెయ్యాలన్నారు. కొట్లవాళ్ళు, తాపీ పనివాళ్ళు వద్దన్నారు. మా తమ్ముడిది రంగులు, మేకులు, కుళాయిలు అమ్మే కొట్టు. వాళ్ళు ఇళ్ళమ్ముకుని పోతే తన మేకులు తనే నములుకోవాలని వాడి బాధ. మంగలి కొట్లో ఒకాయన ఈ మాట మీదే వాదన పెట్టుకుని, సగం గడ్డంతో లేచి ఇంటికి వెళ్ళిపోయాడు. మిగతా సగం ఎవరి చేత గీయించుకోవాలో తెలియక రెండు రోజులు మఫ్లరు చుట్టుకుని తిరిగాడు.

మా ఇంట్లో మాత్రం ఆ ఊసే లేదు. మా తమ్ముడొచ్చి ఎంత రెచ్చగొట్టినా ఆయన పలికేవారు కాదు. ఆయనకి నోట్లో నాలుక లేదని ఊరంతా అనేది. అలాంటిది బడి హాల్లో మీటింగు పెట్టిన రోజు ఆయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని, నువ్వూ రా అన్నారు.

పిల్లల బెంచీల మీద మోకాళ్ళు గడ్డానికి ఆనేలా ముడుచుకుని కూచున్నారు అందరూ. గాజుమేడ ఆవిడ పట్నం నుంచి పనిగట్టుకుని వచ్చింది. ఆవిడ చెడ్డమనిషి కాదు. అమ్మాయి పోయినప్పుడు పూలు పంపింది, ఫోనులో ఏడ్చింది. ఆవిడ లేచి, తామందరికీ ఈ ఊరంటే ప్రాణమనీ, ఊళ్ళో బడి గానీ ఆసుపత్రి గానీ తాము వాడుకోకపోయినా ఇంటిపన్ను కడుతూనే ఉన్నామనీ చెప్పింది. ఇంకా పిండుకోవడానికి మేమేమన్నా పాడి ఆవులమా అని అడిగింది. చప్పట్లు కొట్టారు. ఆవిడ చెప్పిన దాంట్లోనూ న్యాయం లేకపోలేదు. మా తమ్ముడు కూడా మాట్లాడి నాలుగు నవ్వులు నవ్వించాడు.

అప్పుడు మా ఆయన లేచారు. హాలంతా ఒక్కసారి ఆగిపోయింది. బల్ల లేచి నిలబడ్డా అంత వింతపడేవారు కాదేమో.

"లాండ్రీ వెనక గదిలో మా అమ్మాయి కాపురం ఉండేది" అన్నారు.

ఇంకా ఏదో చెబుతారని అందరూ చూశారు. ఆయన ముందు బెంచీ పట్టుకున్నారు.

"పన్ను ఉండాలి" అని కూచున్నారు.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. గాజుమేడ ఆవిడ తల తిప్పలేదు. మా తమ్ముడు కాళ్ళకేసి చూసుకున్నాడు. అమ్మాయి పోయాక ఆయన ఇంటా బయటా దాని మాట ఎత్తింది అదే మొదటిసారి.

పన్ను ఖాయమైంది. అసలు చిక్కు ఆ తరవాత వచ్చింది. ఏ ఇంట్లో మనుషులుంటున్నారో ఏ ఇంట్లో లేరో తేల్చేదెలా? అడిగితే అందరూ ఉంటున్నామనే అంటారు. గుమ్మం గుమ్మానికీ కాపలా పెట్టలేరు. అందుకోసం మళ్ళీ బడి హాల్లో చేరినప్పుడు ఎవరో నీళ్ళ మీటరు చూస్తే సరి అన్నారు. మనిషన్నవాడు ఉంటే నీళ్ళు ఖర్చవుతాయి, లేకపోతే మీటరు తిరగదు. ఎంత తేలికైన ఉపాయం అని అందరూ మెచ్చుకున్నారు. మా ఆయన కూడా తలూపారు. పక్కనే కూచున్న నాకూ ఏమీ తట్టలేదు. రోజూ చేసే పని కంటికి ఆనదు. సరస్సు వీధిలో మీటర్లన్నీ తిప్పుతున్నది ఆయన చెయ్యేనని అక్కడున్న ఒక్కరికీ తోచలేదు, ఆ చెయ్యి గల మనిషికి కూడా.

ఏడాది గడిచింది. మీటర్లు చూసి వెళ్ళారు. నోటీసులొచ్చాయి. కొండవైపు కొన్ని ఇళ్ళకి వచ్చాయట. సరస్సు వీధిలో ఒక్క ఇంటికీ రాలేదు. బేకరీ వీధి చివర మా ఇంటికి వచ్చింది.

ఆయన చదివి నా చేతికిచ్చారు. నేను కూడబలుక్కుని చదువుతాను, నాకు కాసేపు పట్టింది. మీటరు బొత్తిగా తిరగనందున ఇందులో ఎవరూ నివసించుట లేదని, కాబట్టి ఇది మీ రెండవ ఇల్లని అందులో ఉంది. మా మీద వేసిన పన్ను మా వల్ల అయ్యేది కాదు. కట్టకపోతే ఇల్లు వేలానికి పోతుంది. అభ్యంతరం ఉంటే ఆఫీసుకి వచ్చి చెప్పుకోవచ్చు. ఎవరైనా కాపురం ఉంటే పన్ను ఉండదు. ఆ ఇల్లు పోగొట్టుకోవడమో, లేకపోతే దాని తలుపు తియ్యడమో, రెండే దారులు. ఆయనకి రెండూ కష్టమేనని నాకు తెలుసు.

కబురు తెలిసి మా తమ్ముడు కొట్టు కట్టేసి మరీ వచ్చాడు. వస్తూనే నవ్వు.

"ఊరంతా తెలిసిపోయింది బావా, నీకు రెండో ఇల్లుందని. మా అక్కకి తెలియకుండా ఎన్నాళ్ళు దాచావు?"

ఆయన నవ్వలేదు. నేను నీళ్ళిచ్చాను. వాడు తాగుతూ కూడా ఆగలేదు. పన్ను వెయ్యాలని లేచి నిలబడ్డవాడికే పన్ను పడిందనీ, గాజుమేడలో ఏడాది మొత్తం మీద మనిషి పడుకున్నది వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చనీ, దాని మీటరు మాత్రం గానుగలా తిరిగిందనీ, ఆ గానుగెద్దు ఎవరో ఇప్పుడైనా తెలిసిందా అనీ అన్నాడు. అంటూ అంటూ మా ఇద్దరి మొహాలు చూసి ఆగిపోయాడు. గ్లాసు కింద పెట్టి, గొంతు మార్చి, బావ పక్కన కూచున్నాడు.

"పోనీలే. దీనికో మందుంది. వెళ్ళి ఒక్క కుళాయి తిప్పి వదిలెయ్యి. పరాయివాళ్ళ ఇళ్ళల్లో తిప్పే చెయ్యే కదా. వచ్చే ఏటికి సరిపోతుంది. ఈసారికి నువ్వూ అక్కా అందులోనే ఉంటున్నామని చెప్పండి."

"ఉండట్లేదుగా" అన్నారాయన.

"ఉండట్లేదని నాకు తెలుసు బావా. ఉంటున్నామని అనమంటున్నా."

"చూద్దాంలే."

ఆయన చూద్దాంలే అన్నారంటే చెయ్యరని. అది మా తమ్ముడికీ తెలుసు.

ఆ వారంలోనే గాజుమేడ ఫోన్ చేసింది. ఆవిడకి మీటరు సంగతి బాగా అర్థమైనట్టుంది. చాలా కృతజ్ఞతలు చెప్పి, ఏ ఒక్క కుళాయీ మరిచిపోవద్దని, తోటకి ఇంకాస్త ఎక్కువే పెట్టమని అంది. ఆయన సరేనమ్మా అని ఫోను పెట్టేశారు. మర్నాడు మామూలుగానే గుత్తి తీసుకుని వెళ్ళారు. ఆ రోజూ అన్ని ఇళ్ళూ తెరిచారు, అన్ని కుళాయిలూ తిప్పారు. పని వచ్చిన మనిషికి పని మానడం రాదు.

గడువు దగ్గరకొస్తోంది. ఆయన ఏమీ చెయ్యట్లేదు. ఒక మధ్యాహ్నం గిన్నెలన్నీ బోర్లించాక డబ్బాలోంచి తాళంచెవి తీసుకుని నేనే బయల్దేరాను. మా తమ్ముడు చెప్పినట్టు ఆ కుళాయేదో నేనే తిప్పి వద్దామనుకున్నాను.

తాళం కదలలేదు. బేకరీలో కాస్త నూనె అడిగి తెచ్చి పోశాను. తలుపు తెరుచుకుంది. లోపల సిమెంటు వాసన, ఇంకా కొత్త ఇంటి వాసనే. నేల మీద అమ్మాయి ఎంచుకున్న పలకలు దుమ్ము కింద ఉన్నాయి. నాకేమన్నా అవుతుందేమో అనుకున్నాను. ఏమీ కాలేదు. వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పాను. ముందు గాలి దగ్గింది. తరవాత ఎర్రటి నీళ్ళు ఉమ్మింది. కాసేపటికి తేటగా ధార కట్టింది. ఆ నీళ్ళు తాగడానికి గానీ, మొహం కడుక్కోవడానికి గానీ అక్కడ ఎవరూ లేరు. అలా చూస్తూ నిలబడి, కట్టేశాను. గోడల మీద చెయ్యి వేసి చూశాను. అన్ని గోడలూ చూశాను. తాళం వేసి వచ్చేశాను.

భోజనం దగ్గర ఆయనకి చెప్పాను, బేకరీ వీధికి వెళ్ళొచ్చానని. ఆయన కంచంలో చెయ్యి ఆగింది.

"చెమ్మేమన్నా పట్టిందా?"

"లేదు. పొడిగా ఉంది."

"మూలగది?"

"అది కూడా."

ఆయన నెమ్మదిగా ముద్ద కలుపుకున్నారు.

"పొడిగానే ఉంటుంది" అన్నారు. "పునాది ఎత్తుగా వేశాను."

రేపు ఆఫీసుకి వెళ్దాం అని చెయ్యి కడుక్కుంటూ అన్నారు.

ముగ్గురం వెళ్ళాం. బావ నోరు జారకుండా చూసుకోవడానికని మా తమ్ముడు కూడా వచ్చాడు. మేడ మీద చిన్న గది, కిటికీ పక్కన బల్ల, బల్ల వెనక పన్నుల ఆవిడ. జలుబు చేసినట్టుంది, చేతిరుమాలు ముక్కు దగ్గరే పెట్టుకుని మాట్లాడింది. మర్యాదగల మనిషి. మమ్మల్ని కూచోమని, కుర్చీ చాలకపోతే పక్కగది నుంచి తనే తెచ్చి వేసింది. మీటరు ఎందుకు తిరగలేదో చెప్పండి, పాడైందని చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు, తప్పేం లేదు అంది. మా తమ్ముడు ఆ మాట అందుకోబోయాడు. ఆయన చెయ్యి అడ్డం పెట్టారు.

"మీటరు బాగానే ఉందమ్మా."

"మరి ఇంట్లో ఎవరుంటున్నారు?"

"ఎవరూ ఉండరు."

"అప్పుడప్పుడన్నా?"

"లేదమ్మా. ఖాళీ."

ఎవరి కోసం కట్టారని ఆవిడ అడిగింది. మా అమ్మాయి కోసం అన్నారు. ఆవిడ కలం పట్టుకుని ఎదురుచూసింది.

"అమ్మాయి లేదు" అన్నారు.

ఆ మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. మామూలుగా, కొట్లో ఫలానా సరుకు లేదన్నట్టే అన్నారు. పన్నుల ఆవిడ కలం కింద పెట్టింది. మా తమ్ముడు కిటికీలోంచి బయటికి చూశాడు.

ఆవిడ, ఊళ్ళో పనిచేసుకునే వాళ్ళెవరికైనా అద్దెకిస్తే పన్ను కొట్టేస్తామని, తొందరేం లేదు, ఆలోచించుకోమని చెప్పి, కలం మళ్ళీ తీసుకుని గడువు కొంత పెంచి రాసింది. రాస్తూ రాస్తూ, తనలో తను అనుకున్నట్టుగా, విచిత్రంగా ఉందండీ, సరస్సు వీధి మొత్తంలో ఒక్క ఖాళీ ఇల్లు లేదట, బేకరీ వీధిలో మీదొక్కటే ఖాళీ అని లెక్క తేలింది అంది.

"అక్కడ నీళ్ళు తిప్పేది నేనేనమ్మా" అన్నారు మా ఆయన.

బల్ల కింద మా తమ్ముడు ఆయన కాలు తన్నాడు. గురి తప్పి నాకు తగిలింది.

"ఆ ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. గొట్టాలు ఎండకూడదని నేనే తిప్పుతాను, అన్నిట్లోనూ."

ఆవిడ రాయడం ఆపింది. "ఈ మాట రాసుకోమంటారా? మీకు ఇబ్బందేమో."

"రాసుకోండి. ఉన్నదేగా."

మెట్లు దిగుతుంటే మా తమ్ముడు తల పట్టుకున్నాడు. కూచున్న కొమ్మ నరుక్కున్నవాడి సంగతి కథల్లో విన్నాను, ఇవాళ కళ్ళారా చూశాను అన్నాడు. ఆయన, అడిగింది, చెప్పాను అన్నారు.

"ఆవిడ నిన్ను అడగలేదు బావా."

ఆయన మెట్టు మీద ఆగారు. "అడగలేదా?" అని కొంచెం ఆలోచించి, "ఏమో మరి. అడిగినట్టే వినపడింది" అన్నారు.

తరవాత జరగాల్సింది జరిగింది. సరస్సు వీధికి నోటీసులు వెళ్ళాయి. వాళ్ళంతా కలిసి కోర్టుకి వెళ్ళారు. ఆ తగువు ఇంకా నడుస్తూనే ఉంది, ఎప్పుడు తేలుతుందో ఎవరికీ తెలియదు. ఆయన దగ్గర తాళాలు ఒక్కొక్కరే వెనక్కి తీసుకున్నారు. ఎవరూ తిట్టలేదు. తిడితే బావుండేదేమో. గాజుమేడ ఆవిడ తనే వచ్చింది. కారు దిగకుండా చెయ్యి చాపి, మీ నుంచి ఇది అనుకోలేదు అంది. ఆయన గుత్తిలోంచి తాళంచెవి తీసి ఇస్తూ, మేడ మీద స్నానాలగదిలో ఎడమ కుళాయి గట్టిగా తిప్పొద్దని, చేతిలోకి ఊడి వస్తుందని చెప్పారు. ఆవిడ కారు అద్దం పైకెత్తుకుంది. గుత్తి రోజు రోజుకీ తేలికైపోయి, ఒకనాడు ఉత్త ఇనప వలయం మిగిలింది. కుక్కలు ఆయన్ని చూసి మొరగడం మొదలుపెట్టాయి.

ఆయన మా తమ్ముడి కొట్లో కూచోవడం మొదలుపెట్టారు. వాడే పిలిచాడు. బావని ఇంట్లో ఉంచితే మా అక్క చేత కూడా నిజాలు చెప్పిస్తాడు, నా దగ్గరుంటేనే నయం అన్నాడు. మేకులు తూచడం, రంగులు కలపడం ఆయనకి చేతనవును. కొనేవాడితో ఇది నీకు పనికిరాదు, కొనకు అని చెప్పకుండా ఉండడమే చేతకాదు. అందుకు రోజూ చివాట్లు.

పెంచిన గడువు కూడా అయిపోవస్తుండగా ఒక సాయంత్రం ఆయన కొట్టు నుంచి తిన్నగా ఇంటికి రాలేదు. లాండ్రీ వెనకకి వెళ్ళారట. ఆ గదిలో ఇప్పుడు బేకరీలో రొట్టెలు కాల్చే అతనూ, భార్యా, నెలల పాపా ఉంటున్నారు. ఆయన గుమ్మం బయటే నిలబడి, ఇల్లుంది, వస్తారా అని అడిగారట. ఈ సంగతి అతని భార్యే తరవాత నాతో చెప్పింది. తెల్లవారుజామున పనికెళ్ళే మనిషి నిద్రలో లేచొచ్చి, ఏదో అమ్మడానికి వచ్చారనుకుని వద్దండీ అన్నాడట. ఆయన సరేనని తిరిగి వచ్చేస్తుంటే, ఆ పిల్ల చంకలో పాపతో వీధిదాకా వెంటబడి వచ్చి ఆపిందట.

వాళ్ళకి ఇల్లు చూపించింది నేను. ఆయన రాలేదు. ఆ పిల్ల చెప్పులు బయట విడిచి లోపలికొచ్చింది. పాపని నేల మీద దింపి, కిటికీలన్నీ తనే తీసింది. మీకు మళ్ళీ కావాల్సి వస్తుందా ఆంటీ అని అడిగింది. రాదమ్మా అన్నాను. అద్దె మాట వాళ్ళాయనతో మా తమ్ముడు మాట్లాడాడు. వాళ్ళు లాండ్రీ గదికి ఇచ్చేదాని మీద వాడు ఏమీ ఎక్కువ అడగలేదని విని నాకు ఆశ్చర్యమేసింది. వాళ్ళు ఆ ఆదివారమే సామాను తెచ్చుకున్నారు. పెద్దగా ఏమీ లేదు, రెండు దఫాల తోపుడుబండి. మునిసిపాలిటీ మనిషి వచ్చి చూసి వెళ్ళాడు. పన్ను కొట్టేశారు.

ఆయన మాత్రం వెనక సందులోంచే తిరిగి పోయేవారు.

కొన్ని వారాలకి రొట్టెలతను కొట్టుకి వచ్చాడు. ఆ పూట నేను భోజనం కారియరు పట్టుకుని అక్కడే ఉన్నాను. చేతులకి పిండి ఇంకా ఉంది. మా తమ్ముడితో కాకుండా ఆయనతోనే మాట్లాడాడు. గోడలు ఉత్త సిమెంటుతో ఉన్నాయనీ, పాప పాకుతోందనీ, రంగు వేసుకోవచ్చా అనీ అడిగాడు. అమ్మాయి పలకలు ఎంచుకుంది గానీ రంగుల దాకా రాలేదు. మా తమ్ముడు తూకపురాళ్ళు సర్దుతూ నిలబడ్డాడు.

"ఏ రంగు?" అన్నారాయన.

"పసుపు వెయ్యమంటోందండీ మా ఆవిడ. మీకు ఇష్టం లేకపోతే వద్దు."

ఆయన లేచి డబ్బా దింపారు. మూత తీసి, రంగు పోసి, కర్రతో కలపడం మొదలుపెట్టారు. చాలాసేపు కలిపారు. ఒక చెక్క మీద పూసి వెలుతురులోకి పట్టుకెళ్ళి చూపించారు. ఇంకాస్త లేతగా ఉంటే బావుంటుందన్నాడతను. ఇంకాస్త తెలుపు పోశారు. ముందు గోడ తుడవాలి, ఒక పూత ఆరకుండా రెండోది వెయ్యకూడదు అని చెబుతూ చెబుతూ ఆగిపోయారు.

"నువ్వెప్పుడైనా వేశావా?"

"లేదండీ."

"పాడు చేస్తావు."

బ్రష్షులు తీసుకున్నారు. బావా, కొట్టు, అన్నాడు మా తమ్ముడు. నువ్వున్నావుగా అని ఆయన డబ్బా పట్టుకుని అతనితో వెళ్ళిపోయారు. వెనక సందుకి మళ్ళే మలుపు దగ్గర ఒక్క క్షణం నిలబడ్డట్టు నాకు కనిపించింది. తరవాత తిన్నగా వెళ్ళారు. నేను తెచ్చిన కారియరు బల్ల మీద ఉండిపోయింది. మా తమ్ముడూ నేనూ దాన్ని చూస్తూ కూచున్నాం.

దీపాలు పెట్టేవేళకి ఇంటికొచ్చారు. కనుబొమ్మకి, చెవి వెనక పసుపు రంగు. మధ్యాహ్నం వాళ్ళింట్లోనే తిన్నానని చెప్పారు. నేను వేడినీళ్ళు తోడి, గుడ్డ ముక్క ఇచ్చాను.

"అయిపోయిందా?" అన్నాను.

"ఒక గది అయింది" అన్నారు. "రేపు మళ్ళీ వెళ్ళాలి."